లెక్కలోకి రాని జూదం

బడి ఉన్న ఊళ్ళో పంతులు పని పాఠంతో అయిపోదు. రేషన్ కార్డు మీద పేరు తప్పు పడితే అర్జీ రాయాలి, ఆధార్ ఫారం నింపాలి, పాసుపుస్తకం చదివి పెట్టాలి. మిర్చి కోతలు అయిపోయిన రోజుల్లో ఒక పెద్దాయన, వరసకు మాకు మామ, పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు. తండ్రీ కొడుకులు ఇద్దరూ రెండు నెలలు కోతకు పోయి తెచ్చిన కూలి డబ్బు కొడుకు ఖాతాలో వేయించారు. "ఎవడో దొంగ మా డబ్బు తీసేశాడు, బ్యాంకు సారుకు కాగితం రాసిపెట్టు అల్లుడూ" అన్నాడు. మేము పుస్తకం తిప్పాం. యాభై, వంద, వంద, రెండు వందలు, మళ్ళీ వంద. ఒకే తేదీ మీద పదకొండు గీతలు. మధ్యలో ఒక్కచోట నాలుగు వందలు లోపలికి వచ్చాయి, వెంటనే అయిదు వందలు బయటికి పోయాయి. కొడుకు వాకిట్లో నేల చూస్తూ నిలబడ్డాడు. వాడు మా బళ్ళో చదువుకున్నవాడే. దొంగ ఎవరో చెప్పడానికి మాకు నోరు రాలేదు. చివరికి వాడే లోపలికి వచ్చి "రమ్మీ ఆడినానయ్యా" అన్నాడు.

వారం తర్వాత వాడిని దవాఖానాకు తీసుకుపోయాం. నిద్ర లేదు, తిండి లేదు, చచ్చిపోతానని ఒకసారి అన్నాడని తల్లి భయపడింది. అక్కడ డాక్టరు మంచివాడే. సారా తాగుతావా, పొగాకు నములుతావా, గంజాయి ఉందా అని అడిగి రాసుకున్నాడు. అన్నిటికీ వాడు లేదన్నాడు. కాగితం మీద జూదానికి గడి లేదు. బలానికి మాత్రలు రాసి పంపించారు.

ఆ లేని గడి గురించే ఈ వ్యాసం. జూదం మీద చట్టాలు చేయడానికి ముందుకు వచ్చే ప్రభుత్వాలు జూదం మనిషిని ఎట్లా పట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఎందుకు డబ్బు పెట్టవు? పెట్టిన దేశాల్లో ఏం జరిగింది? పెడితే మన గూడేలకు మంచి జరుగుతుందా, ఇంకో చెడ్డపేరు వస్తుందా? మాకు తోచింది రాస్తున్నాం.

ముందు ఒక అంకె చూద్దాం. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు తెచ్చింది. రెండు రోజుల్లో రెండు సభలూ ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం అయింది. డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు, వాడు బాధితుడు అన్నారు. ఇది మాకు నచ్చింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఒక లెక్క చెప్పింది: ఈ ఆటల వల్ల దేశంలో 45 కోట్ల మంది నష్టపోతున్నారు, ఏడాదికి 20,000 కోట్ల రూపాయలు పోతున్నాయి అని. పత్రికలన్నీ అచ్చేశాయి.

అయిదో తరగతి పిల్లలకు భాగహారం నేర్పే వాళ్ళం కాబట్టి మేము భాగించి చూశాం. ఇరవై వేల కోట్లను నలభై అయిదు కోట్లతో భాగిస్తే మనిషికి ఏడాదికి 444 రూపాయలు వస్తుంది. అంటే నెలకు 37 రూపాయలు. ఈ లెక్క నిజమైతే ఇది టీ ఖర్చు, దీనికి చట్టం ఎందుకు? ఇది నిజం కాదని మా మామ పాసుపుస్తకం చెబుతుంది. ఎక్కువమంది పది, ఇరవై పోగొట్టుకుని ఊరుకుంటారు. కొద్దిమంది మాత్రం మొత్తం పోగొట్టుకుంటారు. ఆ కొద్దిమంది ఎవరు, ఎంతమంది, ఏ పనులు చేసుకునేవాళ్ళు, ఏ వయసువాళ్ళు అన్నదే తెలియాల్సిన సంగతి. సగటు చెబితే ఆ సంగతి మునిగిపోతుంది. ఆ నలభై అయిదు కోట్లలో కోయవాళ్ళు ఎందరు, కొండరెడ్లు ఎందరు, సవరలు ఎందరు అని అడగడం ఇంకా దూరపు మాట.

దేశంలో వ్యసనాల లెక్కలు అసలు తీయలేదా అంటే తీశారు. 2018లో సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్ చేత మత్తుపదార్థాల వాడకం మీద పెద్ద సర్వే చేయించింది. 186 జిల్లాల్లో ఇళ్ళకు పోయి అడిగారు. సారా, గంజాయి, నల్లమందు జాతివి, నిద్రమాత్రలు, వాసన పీల్చే జిగురు దాకా లెక్క ఉంది. జూదం పదార్థం కాదు కాబట్టి అందులో రాలేదు. అంతకుముందు 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అది 12 రాష్ట్రాల్లో జరిగింది. ఛత్తీస్‌గఢ్ ఉంది, జార్ఖండ్ ఉంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. అందులోనూ జూదానికి వేరే లెక్క కనబడదు. దవాఖానాలో కాగితం మీద గడి లేకపోవడానికి మూలం ఇక్కడుంది. పైన లెక్క పెట్టనిది కింద ఎవరూ అడగరు.

వైద్యశాస్త్రం దీన్ని గుర్తించలేదా అంటే అదీ కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదాన్ని సారా, మత్తుమందుల పక్కనే వ్యసనాల అధ్యాయంలోకి మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో, 2022 నుంచి అమల్లో ఉన్నదానిలో, జూదవ్యసనం ఒక జబ్బుగా ఉంది. నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోను, ఇంటర్నెట్ అలవాట్లకు ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. చింతూరు నుంచి బెంగళూరు పోయేదెవరు, అది వేరే మాట.

మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కూడా జూదాన్ని బుద్ధి తక్కువ కిందే చూస్తారు. ధర్మరాజు కథ చెప్పి ముగిస్తారు. మా శిక్షణ రోజుల్లో మనస్తత్వశాస్త్రం పేపరులో స్కిన్నర్ పావురాల ప్రయోగం ఉండేది. పెట్టెలో పావురం మీట ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. ప్రతిసారీ పడితే, పడడం ఆగగానే పావురం కూడా పొడవడం ఆపేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి మూడో పొడుపుకు, ఒకసారి ఇరవయ్యో పొడుపుకు పడితే మాత్రం అది ఆగదు, గింజ మానేసినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. మేము దీన్ని పది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాం. జూదం మిషను కూడా ఇట్లాగే పనిచేస్తుందని స్కిన్నర్ 1953 నాటి పుస్తకంలోనే రాశాడు, ఆ వాక్యం మా గైడులో లేదు. పాసుపుస్తకంలో ఆ నాలుగు వందల గింజ చూసినప్పుడు మాకు ఆ పేపరు గుర్తొచ్చింది. వాడికి బుద్ధి లేక కాదు, పెట్టె అట్లా చేసి ఉంది. పెట్టె చేసినవాళ్ళ దగ్గర మన ఆటగాళ్ళ ప్రతి పొడుపు లెక్కా ఉంటుంది: ఏ గంటకు, ఎంత పోయాక, ఎంత ఆశ చూపితే మళ్ళీ వచ్చాడు అన్నది. జూదం మీద అన్నిటికంటే పెద్ద పరిశోధన కంపెనీల కంప్యూటర్లలో జరిగింది. అది మనల్ని ఆడించడానికి చేసినది. మనల్ని కాపాడడానికి చేయవలసినది ఎవరు చేయాలి?

బ్రిటన్‌లో చాలా ఏళ్ళు దీనికి జవాబు "కంపెనీలే ఇష్టపూర్తిగా చందా ఇస్తాయి" అని ఉండేది. 2005 చట్టంలోనే తప్పనిసరి సుంకం వేసే అధికారం రాసుకున్నారు, కాని దాదాపు ఇరవై ఏళ్ళు వాడుకోలేదు. చందా డబ్బుతో నడిచే పరిశోధన ఏ ప్రశ్న అడుగుతుంది, ఏ ప్రశ్న అడగదు అని అక్కడి పండితులే గొడవ చేశారు. ఆటగాడి స్వభావంలో లోపం ఏమిటి అన్న ప్రశ్నకు డబ్బు తేలిగ్గా వస్తుంది. ఆట తయారీలో లోపం ఏమిటి అన్నదానికి రాదు. చివరికి 2025 ఏప్రిల్ నుంచి సుంకం తప్పనిసరి చేశారు. ఏడాదికి సుమారు 10 కోట్ల పౌండ్లు వస్తాయని అంచనా. అందులో సగం చికిత్సకు, ముప్పై శాతం నివారణకు, ఇరవై శాతం పరిశోధనకు. పరిశోధన భాగం ప్రభుత్వ పరిశోధనా సంస్థ చేతికి పోతుంది, కంపెనీ చేతికి కాదు.

న్యూజిలాండ్ ఈ పని 2003 చట్టంతోనే మొదలుపెట్టింది. అక్కడ సుంకం ఆరోగ్య శాఖ ఖర్చు పెడుతుంది. మనం గమనించాల్సింది, అక్కడి ఆదివాసులైన మావోరీల సంగతి. జనాభాలో వాళ్ళ వాటా కన్నా జూదం వల్ల చెడేవాళ్ళలో వాళ్ళ వాటా ఎక్కువని లెక్కల్లో తేలింది. తేలింది కాబట్టి మావోరీలు నడిపే సహాయ కేంద్రాలకు డబ్బు కేటాయించారు. లెక్క వేరుగా తీయకపోతే ఆ కేంద్రాలు ఎట్లా వస్తాయి?

మన దగ్గర 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ ఆటల్లో పెట్టిన డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేశారు. మా మామ కొడుకు పెట్టిన ప్రతి వందలో ప్రభుత్వానికి కూడా వాటా పోయింది. ఆ వాటా మామూలు పన్నుల కుండలో పడింది. ఇంత చికిత్సకు, ఇంత పరిశోధనకు అని గీత లేదు. ఇప్పుడు నిషేధం వచ్చింది కాబట్టి ఆ కుండ కూడా బోర్లా పడింది. నిషేధించిన వ్యాపారం మీద సుంకం వేయలేరు. బ్రిటన్ దారి మనకు అట్లాగే పనికిరాదు. అయితే గుర్రప్పందేలు ఉన్నాయి, గోవాలో క్యాసినోలు ఉన్నాయి, కేరళ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వమే లాటరీ నడుపుతోంది. అక్కడి నుంచి తీయవచ్చు. తీయకపోయినా, నిషేధించిన ప్రభుత్వం తన జేబులోంచి పెట్టాలని మా వాదన. ఆట ఆపినంత మాత్రాన ఆడిన మనిషి ఆగడు. బయట ఆడేవాడు ఇక దాచుకుని ఆడతాడు, దాచుకున్నవాడిని లెక్కపెట్టడం ఇంకా కష్టం, ఖర్చు.

కొత్త చట్టం చదివితే ఈ-స్పోర్ట్స్‌ను ఎట్లా ప్రోత్సహించాలి, అధికార సంస్థకు ఏ అధికారాలుండాలి అన్నవి ఉన్నాయి. వ్యసనం అన్న మాట చట్టం ఎందుకు తెస్తున్నారో చెప్పేచోట ఉంది. దాన్ని నయం చేసే అధ్యాయం గాని, తెలుసుకునే అధ్యాయం గాని లేవు.

నిషేధం మనకు కొత్త కాదు. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన పాత కేసు, 1968 నాటిదిగా అందరూ ఉదహరించేది, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒక క్లబ్బుకూ మధ్య నడిచిందే. క్లబ్బులో కుర్చీ వేసుకుని ఆడిన పేకాటకు ఇచ్చిన ఆ మాటను యాభై ఏళ్ళ తర్వాత ఫోన్ కంపెనీలు తమ జెండాగా ఎత్తుకున్నాయి. 2017లో తెలంగాణ 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. ఈ రెండు తేదీల మధ్య మూడేళ్ళు ఉంది చూడండి.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రలోకి పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది. రెండు పక్కలా ఉన్నది ఒకే కోయజనం. అవే ఇంటిపేర్లు, అవే గట్లు, ఒకే సంతకు పోయేవాళ్ళు, అవే మిర్చి తోటల్లో కూలికి పోయేవాళ్ళు. మూడేళ్ళు ఈ పక్క ఆట తప్పు, ఆ పక్క తప్పు కాదు. నిషేధం పనిచేస్తుందా, ఎవరి మీద పనిచేస్తుంది, ఎవరు ఎట్లా తప్పించుకుంటారు అని తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి పొలం ఏ పరిశోధకుడికీ దొరకదు. ఎవరూ కావాలని పెట్టకుండానే ప్రయోగం సిద్ధమైంది. మా గూడేలకు ఆ ప్రశ్న పట్టుకుని ఒక్కరూ రాలేదు. దోమతెరలు వాడుతున్నారా అని వచ్చారు, మరుగుదొడ్డి ఉందా అని వచ్చారు. ఆ మూడేళ్ళు పోయాయి, తిరిగి రావు. 2025 చట్టం అదే నిషేధాన్ని దేశమంతటికీ వేసింది, మన మూడేళ్ళ పాఠం చూడకుండా.

పరిశోధకులు వస్తే అంతా బాగుంటుందని మేము అనడం లేదు. ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నాపత్రం ఉంది, కెనడాలో 2001లో తయారైంది. తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, ఎనిమిది గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే జూదం ఆ మనిషిని పట్టుకుందని లెక్క. దాని సారం మేము తెలుగులో చెప్పుకుని, ఊళ్ళో ఇద్దరు ముగ్గురితో మాటల్లో మాటగా అడిగి చూశాం. ఆడడానికి అప్పు చేశావా అన్నది ఒకటి. మనవాడికి అప్పు ఎప్పుడూ ఉంటుంది. విత్తనాలకు చేసినది, పెళ్ళికి చేసినది, ఆటకు చేసినది అన్నీ ఒకే షావుకారు చిట్టాలో ఉంటాయి. ఏదైనా అమ్ముకున్నావా అన్నది అందులోనే ఇంకో ముక్క. 1970లో వచ్చిన ఒకటో నంబరు చట్టం వల్ల భూమి గిరిజనేతరుడికి అమ్మలేం, అమ్మడానికి బంగారం లేదు. చెట్టు మీది చింతపండు, కల్లంలోకి రాని ధాన్యం ముందే ఒప్పుకుంటాడు. అది అమ్మడమా కాదా? తప్పు చేశానన్న బాధ ఉందా అన్నది చివరి ప్రశ్నల్లో ఒకటి. ఊళ్ళో తప్పు అంటే పెద్దమనుషులు వేసే జరిమానా. "నామీద ఇంకా తప్పు వెయ్యలేదు సార్" అన్నాడొకడు. సున్నా మార్కు పడాలి వాడికి!

కోడిపందెం సంగతి ఇంకా చిక్కు. పండగ పూట రెండు గుంపులు కలిసి పుంజుల్ని వదిలి, ఓడిన పుంజు గెలిచినవాడింటి కూర అవడం ఒకటి. సంక్రాంతికి బయటివాళ్ళు మన గట్టున బరి వేసి, లైట్లు పెట్టి, లక్షల్లో పందెం కట్టి, పక్కనే గుండాట బల్లలు వేయడం ఇంకొకటి. రెండింటినీ ఒకే గడిలో టిక్కు పెట్టే పరిశోధన మనకు వద్దు. పెడితే ఏమవుతుందో మనకు అనుభవమే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కూడా తెగల గురించి సమాచారం పోగేసి, దాన్ని పట్టికగా రాసి తెచ్చినదే. ఎరుకల వాళ్ళు స్టూవర్టుపురం పేరు నేటికీ మోస్తున్నారు. చట్టం 1952లో పోయింది, పేరు పోలేదు. "గిరిజనుల్లో జూదవ్యసనం ఎక్కువ" అని ఒక శీర్షిక పడితే చాలు, రేపు బ్యాంకువాడు మన కుర్రాడికి బండి అప్పు ఇవ్వడు.

ఈ భయంతో పరిశోధనే వద్దనే పెద్దలు మనలో ఉన్నారు. సభల్లో వాళ్ళతో మేము వాదించాం, ఇక్కడా వాదిస్తాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆ పరిశోధన ప్రభుత్వ డబ్బుతో జరిగినదే, రక్తం కారాక ఆలస్యంగా జరిగినదే. అయినా ఆయన అప్పుల చిట్టాలు, పోయిన భూములు ఊరూరా రాసి ప్రభుత్వం ముందు పెట్టాడు. పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మేము ఈ రోజు ఈ వ్యాసం రాయగలుగుతున్నామంటే దాని వేరు అక్కడిదాకా పోతుంది. షావుకారు చిట్టా ఆనాడు ఎందుకు రాయవలసి వచ్చిందో, ఫోనులో చిట్టా ఈనాడు అందుకే రాయాలి. తేడా ఏమిటంటే ఆనాడు రాసేవాడు బయటినుంచి రావలసి వచ్చింది. ఈనాడు గూడెంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు.

హైదరాబాదులో, విశాఖలో గిరిజన పరిశోధనా సంస్థలున్నాయి. కేంద్ర గిరిజన శాఖ వాటికి డబ్బు ఇచ్చే పథకం కూడా ఉంది. డాక్యుమెంటరీలు, ఉత్సవాలు, మ్యూజియంలు అవుతున్నాయి, అవీ కావాలి. ఆ డబ్బులో ఒక్క ముక్క దీనికి పెట్టమంటున్నాం. ప్రశ్నలు మన భాషల్లో మన పిల్లలే రాయాలి, పేర్లు రాసుకోకూడదు, ఏ ఊరి లెక్క ఆ ఊరి గ్రామసభలో ముందు చదివి వినిపించాలి, ఆ తర్వాతే అచ్చు వేయాలి. తునికాకు డబ్బులు, ఉపాధి కూలి, స్కాలర్‌షిప్పు ఖాతాలో పడిన వారం రోజులు ఏం జరుగుతుందో ముఖ్యంగా చూడాలి. నగరంలో జీతగాడికి నెలకొకసారి డబ్బు వస్తుంది. మనకు ఏడాదికి రెండు మూడుసార్లు ఒక్కసారిగా వస్తుంది, ఆ రోజుల్లోనే పోతుంది. నగరపు ప్రశ్నాపత్రం దీన్ని పట్టుకోలేదు.

ఈ లోపల ఇంట్లో ఎవరైనా అట్లా చిక్కుకుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మా మామ కొడుకు చేత మేమే చేయించాం. మొదటి రెండుసార్లు వాడు నోరు విప్పలేదు, మూడోసారి పావుగంట మాట్లాడాడు. ఇప్పుడు బటన్ల ఫోను వాడుతున్నాడు. పూర్తిగా మానాడా అని ఊళ్ళో అడుగుతారు. మేము అడగం.

పోయిన నెల పై తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి, మీరే సర్వే చేస్తే మీ ఊళ్ళో ఏం అడుగుతారో పేరు లేకుండా చీటీ మీద రాయమన్నాం. చాలామంది "మీరు జూదం ఆడుతారా?" అని పుస్తకం భాషలోనే రాశారు. ఒక చీటీ మీద మాత్రం పెన్సిలుతో ఇట్లా ఉంది: "మీ ఇంట్లో రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి కింద ఎవరి మొహం వెలుగుతుంది?" చేతిరాత ఎవరిదో మాకు తెలుసు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాం, రేపు సెలవు రోజు వాళ్ళ గుంపుకు పోవాలి.